జెలజోవా వోలా: పంతులుగారి వాటాయే మిగిలిన దివాణం



ఈసారి మిమ్మల్ని చాలా దూరం తీసుకువెళ్ళదలచాను. పోలండ్ రాజధాని వార్సాకు పడమరగా సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, సొహాచెఫ్ అనే పట్టణానికి సమీపాన, జెలజోవా వోలా అనే చిన్న పల్లె ఉన్నది. దాని పక్కనే ఉత్రాతా అనే ఏరు ప్రవహిస్తుంది. పోలిష్ భాషలో ఆ మాటకు 'నష్టం', 'పోగొట్టుకోవడం' అని అర్థం. ఊరి పేరులోని 'వోలా' అంటే స్వేచ్ఛ. పూర్వం అడవి కొట్టి కొత్తగా ఊరు కట్టుకున్నవారికి కొన్నేళ్ళపాటు పన్నులు లేకుండా మినహాయింపు ఇచ్చేవారు. అలా వెలసిన ఊళ్ళకు ఈ పేరు పెట్టేవారు. పోలండ్ పటం తెరిచి చూస్తే 'వోలా' అన్న పేరుగల ఊళ్ళు మీకు అనేకం కనిపిస్తాయి.

ఈ ఊరిలో ఒకనాడు ఒక దివాణం ఉండేది. పోలిష్ వారు దానిని 'ద్వూర్' అంటారు. పెద్ద కోటలూ రాజప్రాసాదాలూ వేరు, ద్వూర్ వేరు. ఎక్కువగా ఒకే అంతస్తు, ఏటవాలు పైకప్పు, ముందు స్తంభాలతో చిన్న మండపం, దారికి ఇరువైపులా చెట్ల వరుస, చుట్టూ తోట, ఆ వెనుక పొలాలు, ఆ పొలాలలో పనిచేసే జనం. మన వైపు పెద్ద రైతుల మండువా లోగిలికీ చిన్న జమీందారు దివాణానికీ నడుమ ఎక్కడో దీనిని ఉంచి ఊహించుకోండి. 18వ శతాబ్దంలో ఆ దేశ జనాభాలో దాదాపు పదింట ఒకరు కులీన వర్గానికి చెందినవారని చరిత్రకారుల అంచనా. వారిలో కొందరికి ఊళ్ళకు ఊళ్ళుండేవి, కొందరికి వంశనామం తప్ప మరేమీ ఉండేది కాదు. అందుచేత ఇటువంటి ఇళ్ళు అక్కడ వేల సంఖ్యలో ఉండేవి. వాటిలో జెలజోవా వోలా దివాణం అంత గొప్పదేమీ కాదు. యజమానులు మారుతూ వచ్చారు, అప్పులు పెరిగాయి, ఇల్లు కాలిపోయింది. ఇంతవరకూ ఇది వేల ఇళ్ళ కథే. అయితే ఈ ఒక్క ఇంటి ఆవరణకు మాత్రం నేడు ప్రపంచం నలుమూలల నుండీ జనం వస్తారు. వారు చూడవచ్చేది దొరగారు నివసించిన భవనాన్ని కాదు, అది ఏనాడో లేకుండా పోయింది. పక్కనున్న చిన్న ఇల్లు మాత్రం నిలిచింది. దొర పిల్లలకు ఫ్రెంచి చెప్పిన పంతులుగారికి ఆ చిన్న ఇంటిలోనే వాటా ఇచ్చారు.

ఆ పంతులుగారి పేరు నికోలా షోపాన్. ఆయన కుమారుడే సుప్రసిద్ధ సంగీతకర్త ఫ్రిదెరిక్ షోపాన్. అయితే కుమారుని సంగీతం గురించి నేనిక్కడ వ్రాయబోవడం లేదు. ఇంటి గురించీ, దానిని పట్టుకున్న చేతుల గురించీ వ్రాస్తాను. ఉపాధ్యాయులుగా మీకు అందులో పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయని నా నమ్మకం.

నికోలా 1771లో ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతంలో, మరేన్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి బండి చక్రాలు చేసే పనివాడు. మరి ఫ్రెంచి పల్లెటూరి వడ్రంగి కొడుకు పోలండ్ ఎలా చేరాడు? దీనికి సమాధానం కూడా ఒక దివాణమే! మరేన్‌విల్ గ్రామంలోని పెద్ద భవనం ఆ రోజులలో మిహావ్ పాత్స్ అనే పోలిష్ ప్రభువుది. లొరేన్ ప్రాంతాన్ని 1766 వరకు పాలించినది కూడా సింహాసనం పోగొట్టుకున్న పోలిష్ రాజు స్తనిస్వాఫ్ లెష్చిన్‌స్కి కాబట్టి అక్కడ పోలిష్ కుటుంబాలు ఉండడం వింత కాదు. పాత్స్ వ్యవహారాలు చూసే వైద్లిహ్ అనే ఉద్యోగి ఈ కుర్రవాని చురుకుదనం చూసి చేరదీశాడు. 1787లో పాత్స్ మరణించాడు. వైద్లిహ్ కుటుంబం వార్సాకు తిరిగి వెళ్తూ పదహారేళ్ళ నికోలాను కూడా వెంటబెట్టుకు వెళ్ళింది. ఒక ఇంటికి యజమాని మారితే ఎవరి బ్రతుకు ఏ మలుపు తిరుగుతుందో చూడండి.

వార్సాలో అతడు మొదట ఒక పొగాకు కర్మాగారంలో లెక్కలు చూశాడు. 1794లో కొష్చూష్కో నాయకత్వాన తిరుగుబాటు జరిగినప్పుడు నగర రక్షక దళంలో చేరాడు. ఆ తిరుగుబాటు విఫలమైంది. 1772లోనూ 1793లోనూ అప్పటికే రెండుమార్లు ముక్కలైన పోలండును 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు మూడవమారు పంచుకున్నాయి. దానితో ఆ దేశం పటం మీద నుండి పూర్తిగా మాయమైంది. జీవనోపాధి కోసం నికోలా ఎన్నుకున్న మార్గం చదువు చెప్పడం. అప్పట్లో కులీన గృహాలలో ఫ్రెంచి రాకపోవడం అవమానం. ఫ్రెంచి చెప్పే పంతులును జీతమూ భోజనమూ ఇచ్చి ఇంట్లోనే ఉంచుకునేవారు. మొదట వొంచిన్‌స్కి కుటుంబంలో పనిచేశాడు. ఆ ఇంటి ఆడపిల్లే తరువాతి కాలంలో నెపోలియన్ ప్రేయసిగా పేరు పొందిన మరియా వలేవ్‌స్కా. 1802లో స్కార్బెక్ కుటుంబం అతనిని జెలజోవా వోలాకు పిలిపించుకున్నది.

ఇక స్కార్బెక్ వారి సంగతి. కాస్పెర్ స్కార్బెక్ ప్రభువుది పెద్ద వంశం, పెద్ద చేయి, చిన్న ఖజానా. ఆయన పెళ్ళాడినది తొరూన్ పట్టణపు ధనిక వర్తకుడు ఫెంగెర్ కుమార్తె లుద్వికాను. ఆమె తెచ్చిన కట్నం కూడా ఆయన ఖర్చుల ముందు ఎంతో కాలం నిలువలేదు. చివరకు అప్పులవాళ్ళ బెడద తాళలేక కాస్పెర్ విదేశాలకు జారుకున్నాడు. జెలజోవా వోలా లుద్వికా పేరు మీద ఉన్నది కాబట్టి దక్కింది. పిల్లలు, పొలాలు, ఇల్లు, అప్పులు అన్నీ ఆమె ఒక్కతే చూసుకోవలసి వచ్చింది. దివాణాల చరిత్రలలో భర్తల పేర్లు రాగిరేకుల మీద కనిపిస్తాయి; కొంపను నిలబెట్టిన ఇల్లాళ్ళను తెలుసుకోవాలంటే పాత లెక్కల పుస్తకాలు తిరగవేయాలి.

ఇంటి పనులు చూడడంలో లుద్వికాకు సహాయంగా యుస్తీనా క్షిజానోవ్‌స్కా అనే యువతి ఉండేది. పుట్టుకకు కులీనురాలే, అయితే ఆస్తి లేదు. అటువంటి ఆడపిల్లలు పెద్ద ఇళ్ళలో ఇంటిమనిషికీ పనిమనిషికీ మధ్య ఎక్కడో బ్రతికేవారు. 1806 జూన్ 2వ తేదీన సమీపంలోని బ్రోహూఫ్ చర్చిలో ఆమెకూ నికోలాకూ వివాహం జరిగింది. పక్క ఇంటిలో వారికి వాటా దొరికింది. అటువంటి ఇంటిని అక్కడ 'ఒఫిత్సీనా' అంటారు. అంటే ప్రధాన భవనానికి అనుబంధంగా వంటకూ, పనివారికీ, అతిథులకూ కట్టినది. 1810లో ఫ్రిదెరిక్ ఆ ఇంట్లోనే పుట్టాడు. చర్చి దస్తరంలో ఫిబ్రవరి 22 అని ఉన్నది. కుటుంబం మాత్రం మార్చి 1వ తేదీని పుట్టినరోజుగా జరుపుకునేది. ఈ తగవు ఇప్పటికీ తీరలేదు. ఏప్రిల్ 23న బ్రోహూఫ్ చర్చిలోనే జ్ఞానస్నానం జరిగింది. ఆ రోజు వ్రాసిన లాటిన్ నమోదులో తండ్రి ఇంటిపేరు 'షొప్పెన్' అని పలికేలా ఉన్నది. పౌర దస్తరంలో మరొక తీరున ఉన్నది. పరభాషా గుమాస్తాల చేతిలో మన పిల్లల ఇంటిపేర్లు బడి రిజిస్టర్లలో ఏమవుతుంటాయో ఎరిగిన మీకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ పిల్లవానికి పెట్టిన పేరు ఆ ఇంటి పెద్ద కుమారుడు ఫ్రిదెరిక్ స్కార్బెక్‌ది. అతడు నికోలా శిష్యుడు. ఈ శిష్యుడు పెరిగి పెద్దవాడై వార్సా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యుడయ్యాడు, నవలలు వ్రాశాడు, చెరసాలల సంస్కరణకు పాటుపడ్డాడు. వార్సాలోని పావియాక్ చెరసాల నిర్మాణం వెనుక ఉన్నది ఆయన ఆలోచనే. ఖైదీల సంక్షేమం తలచి కట్టించిన ఆ భవనమే 1939 తరువాత జర్మన్ల చేతిలో హింసా కేంద్రంగా మారింది. అయితే మనకు కావలసిన మాట ఆయన స్మృతులలో ఉన్నది. అప్పటి ఫ్రెంచి పంతుళ్ళలో చాలామంది విప్లవానికి భయపడి పారిపోయివచ్చిన ప్రభువులో మతాచార్యులో అయి ఉండేవారు. చదువు చెప్పే పిల్లల భాషను, దేశాన్ని చులకనగా చూసేవారు. నికోలా ఆ కోవకు చెందడనీ, తాను వచ్చి చేరిన నేలనూ అక్కడి మనుషులనూ గౌరవించాడనీ స్కార్బెక్ కృతజ్ఞతతో వ్రాసుకున్నాడు.

దీనిని కొంచెం నిలబడి ఆలోచించండి. నికోలా జీవనోపాధి ఫ్రెంచి భాష. అతని మాతృభాష కూడా అదే. ఆనాటి సమాజంలో అన్నిటికంటె గౌరవం గల భాష అదే. అయినా తన పిల్లలను పోలిష్ భాషలోనే పెంచాడు, తల్లి భాషలో పెంచాడు. కుమారుడు ఇరవై ఏళ్ళ వయస్సులో, 1830 నవంబరులో, దేశం విడిచి వెళ్ళాడు. 1849 అక్టోబరు 17న ప్యారిస్ నగరంలో మరణించేవరకూ ఇంటివారికి, ఆప్తమిత్రులకు ఉత్తరాలు పోలిష్ భాషలోనే వ్రాశాడు. తండ్రి భాష మాట్లాడే దేశంలో సగం జీవితం గడిపి కూడా అతనికి మనసు విప్పుకునే భాష తల్లిదే అయింది. ఇంట్లో ఏ భాష మాట్లాడాలన్నది ఎవరో శాసనం చేస్తే తేలే విషయమని మనం అనుకుంటాం. ఒక జీతగాని రెండు గదుల వాటాలో అది వేరుగా తేలింది.

1810 శరత్కాలంలో నికోలా కుటుంబం జెలజోవా వోలా విడిచి వార్సాకు తరలింది. అక్కడి లైసియం అనే ఉన్నత పాఠశాలలో ఫ్రెంచి బోధించే ఉద్యోగం వచ్చింది. ఆ పాఠశాల ప్రధానాచార్యుడు సామువెల్ లిందె. పోలిష్ భాషకు ఆరు సంపుటాల మహానిఘంటువును 1807 నుండి 1814 వరకు ప్రకటించినవాడు ఆయనే. దేశం లేని రోజులలో నిఘంటువు వెలువడింది! నికోలా దంపతులు పల్లెల నుండి వచ్చే కులీనుల పిల్లలకు తమ ఇంటిలోనే వసతిగృహం కూడా నడిపారు. జెలజోవా వోలాకు వారు మళ్ళీ సెలవులలో అతిథులుగా మాత్రమే వెళ్ళారు.

ఆ తరువాత దివాణం దశ దిగజారింది. లుద్వికా అనంతరం ఆమె కుమారుడు మిహావ్ యజమాని అయ్యాడు. అతడు 1834లో ఆత్మహత్య చేసుకున్నాడు. స్కార్బెక్ కుటుంబం చేతుల్లో నుండి ఆస్తి జారిపోయింది. అటు పిమ్మట ఒకరి తరువాత ఒకరు కొన్నారు, అమ్మారు. వారి పేర్లు జాబితాగా వ్రాసి మిమ్మల్ని విసిగించను. వారెవరికీ ఆ పక్క ఇంటిలో ఎవరు పుట్టారన్నది పెద్ద విషయంగా తోచినట్లు లేదు. దొరల భవనం అగ్నికి ఆహుతై కనుమరుగైంది. ఒఫిత్సీనా మాత్రం ఆలనాపాలనా లేక అలా పడి ఉన్నది.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పకపోతే కథ ఒకవైపే చెప్పినట్లవుతుంది. పోలిష్ రచయితలు ద్వూర్ గురించి వ్రాసేటప్పుడు చాలా మురిపెంగా వ్రాస్తారు. రష్యా పాలనలో 1863 తిరుగుబాటు అణచివేత తరువాత బడులలో పోలిష్ భాషను అడుగు తరువాత అడుగుగా వెనక్కి నెట్టి రష్యన్ భాషను బోధనా మాధ్యమం చేశారు. అటువంటప్పుడు భాషను, చరిత్రను రహస్యంగా పిల్లలకు చెప్పి కాపాడినవి ఈ దివాణాలే అన్నది వారి మాట. అందులో నిజమున్నది. తరువాతి కాలంలో మేరీ క్యూరీగా లోకానికి తెలిసిన మరియా స్క్వొదోవ్‌స్కా 1886లో ష్చూకి అనే ఊరి దివాణంలో ఇంటి పంతులమ్మగా చేరి, యజమానుల పిల్లలకు చెప్పగా మిగిలిన సమయంలో ఆ ఇంటి పెద్దమ్మాయితో కలిసి రైతుల పిల్లలకు చాటుగా పోలిష్ అక్షరాలు నేర్పింది. పట్టుబడితే శిక్ష తప్పదని తెలిసే నేర్పింది.

అయితే ఆ రైతుల పిల్లలకు అక్షరాలు రాకపోవడానికి కారణం రష్యన్ ప్రభుత్వం ఒక్కటే కాదని కూడా గుర్తుంచుకోవాలి. తరతరాలుగా ఆ పొలాలలో వారంలో ఇన్ని రోజులని దొరకు వెట్టి చేసినవారు వారి తాతతండ్రులు. 1807లో వ్యక్తిగత దాస్యం పోయినా భూమి దొరదే అయింది, వెట్టి పోలేదు. ఆ ప్రాంతంలో అది పోయినది 1864లో, అదీ రష్యన్ చక్రవర్తి ఆజ్ఞ వలన! దక్షిణాన ఆస్ట్రియా పాలనలో ఉన్న గలీసియాలో 1846లో రైతులు తిరగబడి వందలాది దివాణాలను ధ్వంసం చేశారు, సుమారు వేయిమందిని చంపారు. భాషను కాపాడిన ఇల్లు, వెట్టి చేయించుకున్న ఇల్లు రెండూ ఒకటే. మొదటిది చెప్పి రెండవది దాచితే అది పొగడ్త అవుతుందే తప్ప చరిత్ర కాదు.

తిరిగి మన ఊరికి వద్దాం. 1891లో జెలజోవా వోలాకు ఒక అతిథి వచ్చాడు. పేరు మీలీ బలాకిరెఫ్, ప్రఖ్యాత రష్యన్ సంగీతకర్త. షోపాన్ పుట్టిన చోటు వెతుక్కుంటూ వచ్చి, ఆ శిథిల స్థితి చూసి బాధపడి, ఒక స్మారకం నిలపాలని పట్టుబట్టాడు. వార్సా సంగీత సమాజం పూనుకోగా 1894 అక్టోబరు 14న అక్కడ స్మారక స్తంభం ఆవిష్కృతమైంది. వార్సా బడులలో పోలిష్ పిల్లలు తమ భాష మాట్లాడితే దండనకు గురవుతున్న కాలమది. ఆ దండన విధించే ప్రభుత్వపు దేశం నుండే ఈ గౌరవానికి పూనుకున్నవాడు వచ్చాడు. భాషల తగవులలో మనం మాటిమాటికీ పొరపడేది ఇక్కడే. ప్రభుత్వం చేసే పనిని ఆ భాష మాట్లాడే ప్రతి మనిషి తల మీదా రుద్దుతాం.

20వ శతాబ్ది తొలి దశాబ్దాలకు ఆ ఇల్లు రైతు కుటుంబం చేతికి వచ్చింది. వెట్టి చేసినవారి వారసులు ఆ ఆవరణకు యజమానులయ్యారన్నమాట. 1918లో పోలండ్ స్వతంత్రమైంది. 1928లో షోపాన్ అభిమానుల సంఘాలు విరాళాలు పోగుచేసి ఇంటినీ కొద్దిపాటి భూమినీ కొన్నాయి. మరమ్మతులు చేశారు. 1930లలో ఫ్రాన్సిషెక్ క్షివ్‌దా-పోల్కోవ్‌స్కి రూపకల్పనలో చుట్టూ ఉద్యానం వేశారు. దేశంలోని అనేక చోట్ల నుండీ విదేశాల నుండీ మొక్కలు కానుకగా వచ్చాయి.

ఇక్కడే నాకు చిన్న అభ్యంతరం ఉన్నది. బాగుచేసేవారు ఆ ఇంటిని ఉన్న తీరున నిలపలేదు. వంటగదులూ పనివారి గదులూ గల అనుబంధ గృహాన్ని తెల్లని గోడలతో, ముంగిట మండపంతో ఒక చక్కని చిన్న దివాణంలా తీర్చిదిద్దారు. నేడు మీరు ఫోటోలో చూసే రూపం చాలావరకు ఆ పునర్నిర్మాణం ఇచ్చినదే. చూసినవారు 'షోపాన్ ఎంత అందమైన జమీందారీ ఇంట్లో పుట్టాడో' అనుకుంటారు. పుట్టినది యజమానుల ఇంటిలో కాదన్న సంగతి, తండ్రి జీతానికి పనిచేసినవాడన్న సంగతి, తల్లి ఆస్తిలేని ఆశ్రితురాలన్న సంగతి ఆ తెల్లసున్నం కింద కప్పడిపోయాయి. తమ మహాకళాకారునికి ఒక దివాణం ఉండి తీరాలని కొత్తగా స్వాతంత్ర్యం పొందిన జాతికి అనిపించి ఉండవచ్చు. ఆ కోరికను నేను అర్థం చేసుకోగలను. అయినా పంతులుగారి వాటాను పంతులుగారి వాటాగానే చూపించి ఉంటే మరింత గౌరవంగా ఉండేదని నా అభిప్రాయం.

1939 సెప్టెంబరులో ఆ యేటికి సమీపానే బ్‌జూరా నదీ తీరంలో భీకర యుద్ధం జరిగింది. బ్రోహూఫ్ చర్చి దెబ్బతిన్నది. జర్మన్ సైనికులు జెలజోవా వోలా ఇంటిలో మకాం పెట్టారు. అక్కడ చేర్చిన వస్తువులు నాశనమయ్యాయి. 1940 మే 31న వార్సా ఉద్యానంలోని షోపాన్ విగ్రహాన్ని పేల్చివేశారు. అతని సంగీతాన్ని బహిరంగంగా వాయించడం నిషిద్ధమైంది. మాటలు లేని సంగీతానికి కూడా నిషేధం వచ్చిందంటే, ఆ స్వరాలలో ఏ భాష వినబడుతున్నదో నిషేధించినవారికి బాగానే తెలుసునన్నమాట.

1944 సెప్టెంబరు 6వ తేదీ భూసంస్కరణ శాసనంతో ద్వూర్‌ల కథ ముగిసింది. యాభై హెక్టార్లకు మించిన వ్యవసాయ భూమిగల ఆస్తులను, దేశపు పడమటి ప్రాంతాలలో మొత్తం నూరు హెక్టార్లు మించినవాటిని, పరిహారం లేకుండా తీసుకున్నారు. యజమానులు ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. మన దగ్గర జమీందారీల రద్దు జరిగినప్పుడు కొంతలో కొంత పరిహారం ముట్టింది, నివాస భవనాలు చాలామందికి మిగిలాయి. అక్కడ అదీ లేదు. దివాణాలు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల కార్యాలయాలయ్యాయి, బడులయ్యాయి, గిడ్డంగులయ్యాయి. ఎన్నో కూలిపోయాయి. జెలజోవా వోలా ఇల్లు అప్పటికే ఎవరి స్వంత ఆస్తీ కాదు కాబట్టి ఆ తాకిడి దానికి తగలలేదు. షోపాన్ నూరవ వర్ధంతి సంవత్సరమైన 1949లో అది మ్యూజియంగా మళ్ళీ తెరుచుకున్నది. ఆ కుటుంబపు సామాను ఒక్కటీ మిగలలేదు కాబట్టి ఆ కాలపు సామాను వేరేచోట్ల నుండి తెచ్చి అమర్చారు. 2005 నుండి షోపాన్ పేరిట ఉన్న జాతీయ సంస్థ దానిని చూసుకుంటున్నది. 2010లో ద్విశత జయంతికి ఉద్యానాన్ని బాగుచేసి సందర్శకులకు కొత్త భవనాలు కట్టారు.

వేసవికాలపు ఆదివారాలలో అక్కడ సంగీత సభలు జరుగుతాయి. ఇల్లు చిన్నది, వందలమంది లోపల పట్టరు. అందుచేత పియానో విద్వాంసుడు లోపలి గదిలో కూర్చుని వాయిస్తాడు, కిటికీలు తెరిచి ఉంచుతారు, వినవచ్చినవారు బయట చెట్ల కింద కూర్చుంటారు.